కింద చెమట, పైన వణుకు

ప్రశ్న: అంకుల్‌గారూ, నమస్తే. మాది న్యూజెర్సీలోని ఎడిసన్. ఇల్లు పాతది, 1962లో కట్టారట. బేస్‌మెంట్‌లో నీళ్ళు కాచే గ్యాస్ బాయిలర్, గదుల్లో గోడల వెంట ఆ వేడినీళ్ళు తిరిగే బేస్‌బోర్డు హీటర్లు. కింద అంతస్తుకి ఒక థర్మోస్టాటు, పైదానికి ఒకటి. కింద చెమటలు పడుతున్నాయి, పైన మూడు బెడ్‌రూముల్లోనూ బేస్‌బోర్డులు చల్లగా రాయిలా ఉన్నాయి. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టినా 61 దాటదు. రాత్రిపూట గొట్టాల్లో గుడగుడమని చప్పుడు. ఖమ్మం నుంచి వచ్చిన అత్తయ్యా మామయ్యా మంకీ క్యాపులు పెట్టుకుని పడుకుంటున్నారు. అక్టోబరులో పై బాత్రూమ్ బాగుచేయించినప్పుడు అక్కడి బేస్‌బోర్డు విప్పి మళ్ళీ బిగించారు. ఒక ప్లంబర్ వచ్చి చూసి బాయిలర్ మార్చేయమన్నాడు. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజీ 5 చూపిస్తోంది. మావారికీ నాకూ ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ బాయిలర్ జోలికి పోకండి. కింది అంతస్తుకి చెమటలు పట్టిస్తున్న బాయిలర్‌ని పాడైందనడం నాకు మింగుడు పడలేదు. పాల్వంచ థర్మల్ స్టేషన్లో ముప్ఫయ్యేళ్ళు బాయిలర్ల మధ్యే బతికినవాణ్ణి. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా అబ్బాయి ఇంటి బాయిలర్‌ని చూసి నవ్వాను, బీరువా అంత కూడా లేదని. ఆ నవ్వు మొదటి చలికాలంలోనే అణిగింది. అది తర్వాత చెబుతాను.

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. గుడగుడ, అక్టోబరులో విప్పిన బేస్‌బోర్డు, గేజీలో 5. పైకి వెళ్ళే గొట్టంలో గాలి పట్టింది, పైదాకా నీళ్ళు నిలవడానికి ప్రెషర్ చాలడం లేదు. పొలం మోటారు గాలి పట్టడం మీ మామయ్యగారు చూసే ఉంటారు, అడగండి. మోటారు శుభ్రంగా తిరుగుతూనే ఉంటుంది, పైపులో చుక్క రాదు. మోటారు మార్చమని ఎవరూ అనరు కదా!

గేజీలో ఒక్కో పౌండు ప్రెషర్ నీళ్ళని 2.31 అడుగుల ఎత్తున నిలబెడుతుంది. 5 అంటే పదకొండున్నర అడుగులు. బేస్‌మెంట్‌లోని గేజీ నుంచి మీ పై అంతస్తు బేస్‌బోర్డుకి పద్నాలుగు, పదిహేను అడుగులు ఉంటుంది. మరి నీళ్ళు ఎలా నిలుస్తాయి? రెండంతస్తుల ఇళ్ళలో చల్లగా ఉన్నప్పుడు గేజీ 12 చూపించాలి.

అయినా పని మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు వెచ్చించి ఒక అనుమానం తీర్చుకోండి. పై థర్మోస్టాటు బాగా పెంచి బేస్‌మెంట్‌కి వెళ్ళండి. పై అంతస్తు గొట్టం మీద అగ్గిపెట్టెకి పెద్దన్నలాంటి డబ్బా ఒకటి ఉంటుంది, అదే జోన్ వాల్వు, అంటే ఆ అంతస్తుకి (జోన్‌కి) వేడినీళ్ళు వదిలేది. దానికి ఇటూ అటూ గొట్టాన్ని వేలితో తాకి చూడండి, గట్టిగా పట్టుకోవద్దు, 180 డిగ్రీల నీళ్ళు పోయే గొట్టం. బాయిలర్ వైపు కాలిపోతూ అవతలి వైపు వెంటనే చల్లగా ఉంటే వాల్వు మీద కూడా అనుమానం పెట్టుకోవాల్సిందే. చాలా వాల్వులకి పక్కన చిన్న లీవరు ఉంటుంది. అది వదులుగా అటూ ఇటూ ఆడితే వాల్వు తెరుచుకున్నట్టే. బిగువుగా, స్ప్రింగు మీద లాగినట్టు ఉంటే మోటారు దాన్ని తెరవలేదని అర్థం. అప్పుడు లీవరుని చేత్తో తెరిచి ఉంచి, కింది థర్మోస్టాటు కూడా పెంచండి. చేత్తో తెరిస్తే బాయిలర్‌కి కబురు వెళ్ళదు, కింది జోన్ పిలిస్తేనే అది మండుతుంది. ఈ కిటుకు తెలియక లీవరు తెరిచి గంటసేపు ఎదురు చూసేవాళ్ళున్నారు.

వాల్వు బాగానే ఉందనుకుందాం. బాయిలర్ స్విచ్ కట్టేసి చల్లారనివ్వండి. నీళ్ళు తగ్గి వేడెక్కిన బాయిలర్లోకి చన్నీళ్ళు వదిలితే పోత ఇనుము పగలొచ్చు, తొందరపడకండి. బాయిలర్‌కి చన్నీళ్ళు తెచ్చే సన్న గొట్టాన్ని వెతకండి. దాని మీద గంట ఆకారంలో ప్రెషర్ తగ్గించే వాల్వు, దానికి ముందు మామూలు చేతి వాల్వు ఉంటాయి. బాత్రూమ్ పనివాళ్ళు ఆ చేతి వాల్వు కట్టేసి తెరవడం మరిచిపోయారని నా అనుమానం. తెరిస్తే సర్రున శబ్దం వచ్చి ముల్లు మెల్లగా 12కి చేరి ఆగుతుంది. ఆగకుండా పైకి పోతుంటే వెంటనే కట్టేయండి, 30 దగ్గర, ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని నేలంతా నీళ్ళవుతాయి. అసలు కదలకపోతే గంట వాల్వు లోపల మట్టి పట్టిందన్నమాట, దానికి మనిషిని పిలవాల్సిందే.

ఇక గాలి. పంపు ఆగి ఉండగానే పైకి వెళ్ళి బేస్‌బోర్డు చివరి మూత ఊడదీయండి. రాగి మలుపు మీద బఠాణీ గింజంత ఇత్తడి స్క్రూ కనిపిస్తుంది. కింద టీ కప్పు, పాతగుడ్డ పెట్టి అర చుట్టు తిప్పండి. బుస్సుమంటుంది. కాసేపటికి తుప్పర, ఆ తర్వాత సిరాలాంటి నల్లటి నీళ్ళు వాసన కొడుతూ వస్తాయి. కంగారుపడొద్దు, ఏళ్ళ తరబడి అందులోనే తిరిగిన నీళ్ళు అవి. ధార తెగకుండా సన్నగా వస్తే బిగించేయండి. అన్ని గదుల్లోనూ ఇంతే. స్క్రూ ఎక్కడా లేకపోతే బాయిలర్ దగ్గరి డ్రెయిన్ కుళాయికి హోస్ తగిలించి, ఆ జోన్‌లోంచి బకెట్లోకి నీళ్ళు తోయాలి. బకెట్లో బుడగలు ఆగేదాకా. అది మొదటిసారి తెలిసినవాళ్ళతో చేయించండి.

ఇప్పుడు నా కథ. గాలి తీసేశానన్న ధీమాతో గేజీ చూడలేదు. నీళ్ళు నింపే వాల్వు కట్టేసి ఉన్న సంగతీ చూసుకోలేదు. గాలితో పాటు ప్రెషరూ పోయింది. తెల్లారేసరికి ముల్లు సున్నా మీద, ఇల్లంతా చల్లగా. మా కోడలు ఏమీ అనలేదు. ఆ పూట కాఫీలో చక్కెర మాత్రం లేదు. మీరు ప్రతి గదికీ ఒకసారి కిందికి వెళ్ళి గేజీ చూసి రండి.

ఒకటి మరిచాను. బేస్‌బోర్డు కింది సందులోంచి చల్లగాలి లోపలికి పోయి, పైనుంచి వేడిగా రావాలి. పైనున్న రేకు మూత తెరిచి ఉందా, కింద కార్పెట్ అడ్డం వచ్చిందా, అత్తయ్యగారు తడి చీర దాని మీద ఆరేశారా చూడండి. రేకుల మధ్య దుమ్ముని వ్యాక్యూమ్‌తో లాగేయండి.

ప్రశ్న: మాది న్యూహ్యాంప్‌షైర్. మాకూ ఇలాంటి బేస్‌బోర్డులే. సంక్రాంతికి మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. హీటు కట్టేసి వెళ్తే గ్యాస్ కలిసొస్తుంది కదా?

జవాబు: కలిసొచ్చేది గ్యాస్ బిల్లు, పోయేది ఇల్లు. కట్టేయకండి. 55కి తగ్గించి వెళ్ళండి. బయటి గోడ వెంట పోయే రాగి గొట్టంలో నీళ్ళు గడ్డకడితే గొట్టం చీలుతుంది. కరిగినప్పుడు అసలు వరద మొదలవుతుంది, ఎందుకంటే నింపే వాల్వు కొత్త నీళ్ళు పంపుతూనే ఉంటుంది. అందుకే ఇంటి నీళ్ళ మెయిన్ వాల్వు కట్టేయండి, గదుల తలుపులు తెరిచి ఉంచండి. తిరిగొచ్చాక ఏ బేస్‌బోర్డయినా గడ్డకట్టినట్టు అనిపిస్తే హెయిర్ డ్రయ్యర్ పట్టండి, మంట మాత్రం చూపించొద్దు. వెళ్ళేముందు పక్కింటివాళ్ళకి తాళం ఇచ్చి, రెండ్రోజులకోసారి ఉత్తరం వైపు గదిలో బేస్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడమనండి.