గేరు పడని 1999 మియాటాకు క్లచ్ మొత్తం మార్చాలా?

మీ ప్రశ్న చదివాక నాకు అర్థమైంది ఇదీ: డాలస్‌లో సెకండ్ హ్యాండ్‌లో 1999 మాజ్డా మియాటా కొన్నారు. పొద్దున్నే ఫస్టు, రివర్సు గేర్లు పడటం లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మిస్సింగ్ కొడుతోంది. హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదు. వాన పడిన మర్నాడు సీటు వెనక తడి. షాపువాళ్ళు క్లచ్ సెట్టు మార్చాలి, గేర్‌బాక్సు కూడా దించి చూడాలి అన్నారు. వీటిలో ఇంట్లో చేసుకోగలిగినవి ఏవని అడిగారు.

నాదీ 1999 బండే. నార్త్ కరోలినాలోని ర్యాలీ ఊళ్ళో ఉంటాను, 2014లో కొన్నాను. మీరు చెప్పిన నాలుగూ నా బండికీ వచ్చాయి. నాలుగూ ఇంట్లోనే అయ్యాయి. దయచేసి క్లచ్ సెట్టుకు ఇప్పుడే ఒప్పుకోకండి.

ముందు ఇది చూడండి. ఇంజన్ ఆపి గేరు వేయండి. సులువుగా పడితే గేర్‌బాక్సును అనుమానించే పని ప్రస్తుతానికి లేదు. ఇప్పుడు స్టార్ట్ చేసి, క్లచ్ పెడల్‌ని రెండు మూడుసార్లు గబగబా తొక్కి వదిలి, మళ్ళీ తొక్కి పట్టుకుని గేరు వేయండి. అప్పుడు పడుతోందంటే లోపం క్లచ్ ప్లేటులో కాదు, పెడల్ ఒత్తిడిని క్లచ్ దాకా చేర్చే ఆయిల్ లైనులో. ప్లేటు అరిగిపోతే లక్షణం వేరు: గేరు పడుతుంది కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు, కాలిన వాసన వస్తుంది. మీరు అదేమీ రాయలేదు.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చేసేవారు. బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు పైపులు, బూట్లు, సీళ్ళు చేత్తో తడిమేవారు. ఇనుము కంటే ముందు రబ్బరు ముసలిదవుతుంది అనేవారు. పాతికేళ్ళు దాటిన ఈ కారుకు ఆ మాట అక్షరాలా సరిపోతుంది. ఇది కారు చేసినవాళ్ళ తప్పు కాదు, ఏ రబ్బరైనా అంతే.

క్లచ్ స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని కదిలించేది, గేర్‌బాక్సుకు ప్యాసింజర్ వైపు కింద ఉంటుంది. దాని చివర చిన్న రబ్బరు బూటు ఉంటుంది. దాన్ని కొంచెం వెనక్కి లాగండి. లోపల తడి ఉంటే సీలు పోయినట్టే. నాకు కొత్త సిలిండర్ 30 డాలర్ల లోపే వచ్చింది. మార్చాక డాట్ 3 ఫ్లూయిడ్ పోసి గాలి తీయాలి, దానికి ఇద్దరు కావాలి. మా ఆవిడ పెడల్ తొక్కి పట్టుకుంటే నేను కింద సిలిండర్ మీదున్న నిపుల్ (గాలి వదిలే చిన్న స్క్రూ) వదులు చేసేవాణ్ణి. గాలి, ఆయిలు బయటికి వచ్చాక నిపుల్ బిగించి, అప్పుడు పెడల్ వదలమనేవాణ్ణి. ఈ వరస తప్పితే గాలి మళ్ళీ లోపలికే పోతుంది. పైన డబ్బాలో ఫ్లూయిడ్ ఖాళీ కాకుండా మధ్యమధ్యలో పోస్తూ ఉండండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది. నేను స్లేవ్ ఒక్కటే మార్చాను. రెండు వారాలకు పెడల్ పైనున్న మాస్టర్ సిలిండర్ కారడం మొదలైంది. రెండూ ఒకే వయసువి కదా, వీలైతే రెండూ ఒకేసారి మార్చేయండి.

కారు కింద పడుకునే ముందు ఒక మాట. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ముందు వైపు మధ్యలో ఉన్న క్రాస్ మెంబర్ (అడ్డంగా ఉండే ఇనుప దూలం) కింద, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) కింద జాకీ పెట్టి ఎత్తి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టండి. బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందకి వెళ్ళండి. చక్రాలకు అడ్డం కూడా పెట్టాలి, మీ హ్యాండ్‌బ్రేక్ ఎలాగూ పనిచేయడం లేదు. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో రిపేర్లు చేయనివ్వరు. నేను స్నేహితుడి గ్యారేజీలో చేసుకున్నాను.

హ్యాండ్‌బ్రేక్ దగ్గర చాలామంది లివర్ దగ్గరి కేబుల్ బిగిస్తారు. అది చివరి పని. వెనక చక్రాల దగ్గర, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లోనే సర్దుబాటు ఉంటుంది. క్యాలిపర్ వెనక వైపున్న 14 ఎంఎం పానా పట్టే బోల్టు తీస్తే, లోపల 4 ఎంఎం అలెన్ కీ పట్టే గాడి కనిపిస్తుంది. ప్యాడ్లు డిస్కుకు ఆనేదాకా కుడివైపు తిప్పి, తర్వాత మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పాలి. చక్రం చేత్తో స్వేచ్ఛగా తిరగాలి. రెండు వైపులా ఇలాగే. ప్యాడ్లు మార్చేటప్పుడు కూడా పిస్టన్‌ని ఈ అలెన్ కీతో ఎడమవైపు తిప్పుతూ వెనక్కి పంపాలి. క్లాంపు పెట్టి నొక్కితే లోపలి సర్దుబాటు పాడవుతుంది. ఇది తెలియక మంచి క్యాలిపర్లు పారేసినవాళ్ళను చూశాను, నాకు చాలా బాధేసింది.

మిస్సింగ్‌కు మొదట ప్లగ్ వైర్లు చూడండి. ఇంజన్ చల్లారాక ఒక్కో వైరు పైకి లాగండి. ప్లగ్ ఉన్న గుంతలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజన్ పైమూత కింది రబ్బరు సీలు) గట్టిపడిపోయింది. కొత్త గాస్కెట్ వేసి, కవర్ బోల్టులు మెల్లగా, సమంగా బిగించండి. 5 నుంచి 9 న్యూటన్ మీటర్లు చాలు, ఎంత బిగించామో చూపే టార్క్ పానా లేకుండా ఈ పని చేయవద్దు. ఆయిల్ లేకపోతే రాత్రి చీకట్లో బానెట్ తెరిచి, ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద సన్నగా నీళ్ళు చిలకరించండి. నీలం మెరుపు కనిపించిన చోట వైరు పగిలింది. అప్పుడు వైర్లను చేత్తో ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి మార్చండి, నాలుగూ ఒకేసారి పీకితే వరస మారిపోతుంది. ప్లగ్ గ్యాప్ 1.0 నుంచి 1.1 ఎంఎం.

సీటు వెనక తడికి కారణం దాదాపు ఎప్పుడూ టాప్ (మడిచే పైకప్పు) నీళ్ళు పోయే డ్రెయిన్లే. టాప్ మీద పడ్డ నీళ్ళు సీట్ల వెనక రెండు మూలల్లోని రంధ్రాల గుండా వెనక చక్రాల ముందు కిందికి పోవాలి. ఆకులు, మట్టి పేరుకుంటే నీళ్ళు లోపలికి తిరుగుతాయి, తలుపు కింద ఉండే ఇనుప భాగం (సిల్లు) లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఈ నాలుగింటిలో నేను నిజంగా భయపడేది దీనికే. మిగతావి విడిభాగాలతో పోతాయి, తుప్పుకు వెల్డింగ్ కావాలి. గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ దారం మెల్లగా దూర్చి శుభ్రం చేయండి. ఇనుప తీగ వాడితే లోపలి గొట్టం చిరుగుతుంది. తర్వాత ఒక కప్పు నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. కార్పెట్ ఎత్తి, కింద ఉన్న ఫోమ్ పూర్తిగా ఆరబెట్టండి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత యజమానిని అడగండి. 60,000 మైళ్ళకు మార్చాలి, దాంతోపాటు వాటర్ పంపు కూడా. మొదటిసారి ఆ పని మాత్రం తెలిసినవాళ్ళ పక్కన నిలబడి చేయండి.

ఈ వారాంతం స్లేవ్ బూటు లాగి చూసి, తడి ఉందో లేదో, డబ్బాలో ఫ్లూయిడ్ ఏ రంగులో ఉందో ఇక్కడే రాయండి. నల్లగా ఉంటే అది కూడా రబ్బరు కరుగుతున్న గుర్తే. ఏ విడిభాగాలు తెప్పించాలో చెబుతాను.