వ్యాసాలు వెతకడమూ చదువేనండీ

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ జువాలజీ ఫైనలియర్. మిర్చి నల్ల తామర పురుగు మీద ప్రాజెక్టు అంటూ గంటల తరబడి నెట్‌లో వ్యాసాలు వెతుకుతోంది. దాని బదులు విజయవాడలో మూడు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటిలో ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాల్లో కోర్సు పేరే మారుతుంది. పక్కింటి పిల్ల ముందుకెళ్లిపోతోంది, మన పిల్ల వెనకబడుతోందనే టెన్షన్ మాత్రం అన్నిట్లోనూ అదే. నిష్ఠూరమైనా చెబుతాను. ఆ కోర్సు మీ అమ్మాయి అడిగిందని మీరెక్కడా రాయలేదు. ఆమె ఏం వెతుకుతోందో ఒక్కసారి పక్కన కూర్చుని చూశారా?

'మిర్చి పురుగు' అని కొడితే వార్తలు, పురుగుమందుల వీడియోలు కుప్పలుగా వస్తాయి. 'త్రిప్స్ పార్విస్పైనస్' అన్న దాని శాస్త్రీయ నామాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతికితే పరిశోధన పత్రాలు వస్తాయి. ఒక మంచి పత్రం దొరికాక దాని కింద 'సైటెడ్ బై' నొక్కితే, తర్వాత దాన్ని ఎవరెవరు ప్రస్తావించారో తెలుస్తుంది. అలాగని రైతు పత్రికలో వ్యాసం తీసిపారేసేది కాదు. 2021లో మన మిర్చి తోటల్లో పూత ఎలా రాలిందో అందులోనే తేలిగ్గా అర్థమవుతుంది. ఎన్ని మొక్కలు చూశారు, లెక్క ఎలా కట్టారు అన్నది మాత్రం పరిశోధన పత్రంలోనే ఉంటుంది. ఈ తేడా పట్టుబడటానికి టైం పడుతుంది. చాట్‌జీపీటీ చెప్పే పత్రాలు కొన్నిసార్లు అసలు ఉండనే ఉండవు, తెరిచి చూశాకే రాసుకోమనండి.

మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే 'శోధ్‌గంగ' వెబ్‌సైట్‌లో చదవడం ఉచితం. డబ్బు కట్టమనే జర్నళ్ల కోసం కాలేజీ లైబ్రేరియన్‌ను, కాలేజీలకు ఆన్‌లైన్ జర్నళ్లు అందించే 'ఎన్-లిస్ట్' లాగిన్ అడగాలి. ప్రభుత్వ కాలేజీ అయితే 2025 జనవరిలో మొదలైన, జర్నళ్లు చదివే వీలు కల్పించే కేంద్ర పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి కూడా అడగమనండి.

డేటా సైన్స్ చెడ్డదని అనను. స్టాటిస్టిక్స్ సరిగ్గా రాని పిల్లకు మూడు నెలలు పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామనే బోర్డుల మీదే నా అనుమానం. ఫీజు కట్టే ముందు, నిరుడు చేరిన పిల్లలతో మాట్లాడించమనండి. 'సార్ ఇప్పుడే బయటికెళ్లారు' అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

పోల్చి చెప్పమన్నారు గానీ, మీకు కావలసింది ధైర్యం. వెతకడం వచ్చిన పిల్లకు ఎమ్మెస్సీలో, ఒక ఆవిష్కరణ ఇంతకుముందే ఉందా అని వెతికే పేటెంట్ సెర్చ్‌లో, మందుల దుష్ప్రభావాలు గమనించే ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో పని ఉంటుంది. ప్రాజెక్టు పూర్తి కానివ్వండి. సెలవుల్లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల 'స్వయం' పోర్టల్‌లో స్టాటిస్టిక్స్ వినమనండి. అది ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఆ లెక్కలు ఆమెకు నచ్చితే డేటా సైన్స్ సంగతి అప్పుడు చూద్దాం.