లండన్ సెయింట్ పాంక్రాస్‌లో యూరోస్టార్ ఎక్కడానికి అంత క్యూ ఎందుకు?

యూరోస్టార్ అనే ఈ పారిస్ రైలు ఎక్కాలంటే ఫ్రాన్స్ పోలీసుల పాస్‌పోర్ట్ తనిఖీ లండన్‌లోనే అయిపోవాలి. బ్రెగ్జిట్‌కి ముందు బ్రిటిష్ పాస్‌పోర్ట్‌ను ఒకసారి చూసి పంపేసేవారు. 2021 నుంచి పేజీలు తిప్పి, పాత ముద్రలు చూసి, కొత్తది కొట్టాల్సి వచ్చింది. 2025 అక్టోబర్ 12న ఈఈఎస్ (యూరప్‌లోకి వచ్చీపోయే విదేశీయుల వివరాలు కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి) మొదలయ్యాక ఫోటో, వేలిముద్రలు వచ్చి చేరాయి. మనిషికి అర నిమిషం పెరిగినా, దాదాపు 900 సీట్ల రైలుకి ఎంతవుతుందో చూడండి!

పోనీ, హాలు పెంచుదామా అంటే అది 1868 నాటి స్టేషన్ కింది అంతస్తు, ఒకప్పటి బీరు పీపాల గోదాం. ఇనుప స్తంభాల మధ్య దూరం కూడా పీపాల కొలతను బట్టి పెట్టిందే. చారిత్రక కట్టడం కాబట్టి ఇష్టమొచ్చినట్టు మార్చలేరు.

ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంజెన్ వీసాతో పాటు హోటల్ బుకింగ్ కూడా చేతిలో ఉంచుకోండి, అడగొచ్చు.