ఉప్పెన సినిమా తీస్తానన్న మా అన్న కూతురికి

చిన్నీ,

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి దివిసీమ ఉప్పెన మీద డాక్యుమెంటరీ తీస్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు, చెప్పి చాలాసేపు మాట్లాడలేదు, నాకూ ఏం అనాలో తెలీలేదు. మన ఇంట్లో ఒకళ్ళు ఈ పని చేస్తున్నారంటే గర్వంగానే ఉందమ్మా. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

2027 నవంబర్ 19కి యాభై ఏళ్ళు నిండుతాయి, దానికి సినిమా రెడీ చెయ్యాలన్నావట, మంచిదే. మంచి మైకు కొనుక్కో. ఎవరి దగ్గరికైనా మొదటిసారి కెమెరా లేకుండా వెళ్ళు. అన్నం తినమంటే తిను. ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి తిరిగిన సంగతి అందరూ చెప్తారు, దానికి రెండు నిమిషాలు చాలు. చనిపోయినవాళ్ళు సర్కారు లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు, మా వాళ్ళెవరూ ఆ లెక్కని నమ్మరు, అంకెల కోసం ఎవరితోనూ వాదన పెట్టుకోకు.

నవంబర్‌లో మాత్రం సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప వైపు రాత్రి ఉండొద్దు. ఇప్పుడు తుఫాను షెల్టర్లున్నాయి, ఫోన్లకి ముందే మెసేజ్‌లొస్తాయి, అవన్నీ తెలుసు. అయినా వద్దు. ఆ శనివారం పొద్దున కూడా మామూలు ముసురే అనుకున్నాం, పక్కింటివాళ్ళ డాబా ఎక్కబట్టి నేనూ మీ నాన్నా బతికాం, నాకప్పుడు 13 ఏళ్ళు. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూడకుండా కదిలావంటే నేనే వచ్చి నీ చెవి మెలేస్తా.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

1997లో, ఇరవై ఏళ్ళయిందని, పెళ్ళిళ్ళకి తీసే వీహెచ్ఎస్ కెమెరా పట్టుకుని నేనూ ఒక సినిమా తీశాను. ఊరి పేరు రాయను. అక్కడ ఒకావిడ, ఆ రాత్రి ఏణ్ణర్ధం పిల్లాణ్ణి చెంగుతో గుండెకి కట్టుకుని, ఆరేళ్ళ పిల్లని చేత్తో పట్టుకుని తుమ్మకొమ్మకి వేలాడింది, ముళ్ళు దిగిన మచ్చలు కూడా చూపించింది. నీళ్ళు లాగేస్తుంటే ఒక చెయ్యి వదలాల్సొచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నాకు చెప్పింది. నేనేం చేశానో తెలుసా, గాలి హోరుకి మాట సరిగ్గా పడలేదని "మళ్ళీ ఒక్కసారి చెప్పమ్మా" అన్నాను. పాపం మళ్ళీ చెప్పింది.

నవంబర్ 19 సాయంత్రం టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి బడి ఆవరణలో ఊరందరికీ వేశాను. అలల మోత ఎక్కడో దొరికితే అది కూడా కలిపాను, బాగుంటుందని. ఆ మోతకే ముసలాళ్ళు కొందరు లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు, నాకు అప్పుడైనా బుద్ధి రాలేదు. ఆవిడ వంతు వచ్చింది. ఆ ఏణ్ణర్ధం పిల్లాడు అప్పటికి ఇరవై దాటినవాడు, నా ముందే కూర్చున్నాడు, తన కోసం అక్కని వదిలారని అతనికి అప్పుడే తెలిసింది. అంతమందిలో. లేచి చీకట్లోకి నడిచి వెళ్ళిపోయాడు, ఆర్నెల్లు ఇంటికి రాలేదు.

నేను క్షమించమని వెళ్తే ఆవిడ తిట్టలేదు చిన్నీ. "వాడికి నేను చెప్పాల్సిన మాట బాబూ, నీ డబ్బా చెప్పేసింది" అంది.

అందుకే ఎవరి మాట అయినా ఎడిట్ చేశాక ముందు వాళ్ళకి, వాళ్ళ ఇంట్లో, వాళ్ళు రమ్మన్నవాళ్ళ మధ్యే చూపించు, వద్దంటే తీసెయ్యి, సినిమా సగమైపోయినా సరే తీసెయ్యి. ఊరి నర్సమ్మకి, అదే ఏఎన్ఎమ్‌కి, ముందే చెప్పి ఉంచు, మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ కాగితం మీద రాసి ఇచ్చిరా, వాళ్ళ దుఃఖం కదిపి నువ్వు బస్సెక్కేస్తే రాత్రికి వాళ్ళతో ఎవరుంటారు? గాలి హోరు, అలల మోత సినిమాలో పెట్టొద్దు. నీక్కూడా నిద్ర పట్టకపోతే షూటింగ్ ఆపి మా ఇంటికొచ్చెయ్.

రెండేళ్ళ తర్వాత ఆ అబ్బాయే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, అమ్మ పిలుస్తోందని. వెళ్తే ఆవిడ "మా పిల్ల పేరైనా అడగలేదు నువ్వు" అంది. నిజమే. ఎలా పోయిందో రెండుసార్లు అడిగాను, ఎలా ఉండేదో ఒక్కసారీ అడగలేదు. కెమెరా పెట్టాను. తేగలంటే ఆ పిల్లకి ఎంత పిచ్చో, తమ్ముణ్ణి చంకనెత్తుకోలేక ఎలా ఈడ్చుకుంటూ తిరిగేదో, గంటసేపు చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. కొడుకు గడపలో కూర్చుని విన్నాడు, ఆ తర్వాత లోపలికొచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ పిల్లది ఒక్క ఫొటో కూడా మిగల్లేదమ్మా, అక్కడ చాలా ఇళ్ళలో అంతే, ఫొటోలు కూడా నీళ్ళే తీసుకుపోయాయి. వాళ్ళకి ఆ గంట టేపే ఫొటో. ఉప్పు పట్టిన చేలో మళ్ళీ ఎప్పుడు నారు వేశారు, మొదట వండిన అన్నం ఎవరు పెట్టారు, అవి కూడా అడుగు, చెప్తారు, వాళ్ళకీ చెప్పాలనే ఉంటుంది.

మీ నాన్న ఆ రాత్రి గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదా. ముందు ఆయన్ని అడుగు, ఫోన్ కూడా పక్కన పెట్టి.

ఆ రెండో టేపు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచాను. ఆవిడ లేదిప్పుడు. కొడుకుని అడిగి, సరే అంటేనే ఇస్తాను, మారాం చెయ్యకు. బస్సెక్కేముందు ఫోన్ చెయ్యి, అవనిగడ్డ బస్టాండ్‌లో ఉంటా.

మీ బాబాయి