ఏఐకి కావలసిన కరెంటు మన మేడల మీద సోలార్ ఇస్తుందా?

"విశాఖలో ఏఐ డేటా సెంటర్ వస్తోంది కదా, శ్రీకాకుళంలో ఇంటింటికీ సోలార్ పెడితే దానికి కరెంటు సరిపోదా?" అని ఒకరు అడిగారు.

సరిపోదండి. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన ఆ సెంటర్ స్థాయి 1 గిగావాట్, అంటే 1,000 మెగావాట్లు. పూర్తి లోడుతో నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ మంచి ఎండకు ఇచ్చేది సుమారు 12 యూనిట్లు. అంటే 20 లక్షల ఇళ్లు కావాలి. మన జిల్లాలో అన్ని ఇళ్లెక్కడివి!

అసలు చిక్కు రాత్రిపూట. డేటా సెంటర్‌లోని సర్వర్లు (పెద్ద కంప్యూటర్లు) పడుకోవు, ఎండేమో ఉండదు. అందుకే భారీ బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి తోడిపెట్టి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం), అణు విద్యుత్ అంటున్నారు. రణస్థలం దగ్గర కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామని ఎప్పటినుంచో చెబుతున్నారు.

నా బెంగ మాత్రం వేరు. 2018 తిత్లీ తుఫానుకు మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు తగిలించి ఫోన్లు ఛార్జ్ చేసుకున్నాం. చాలామందికి తెలియదు గానీ, బ్యాటరీ లేని మామూలు సోలార్ కూడా లైన్‌లో కరెంటు పోతే ఆగిపోతుంది. మేడ మీది కరెంటు లైన్‌లోకి పోయి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. తుఫానుల ఊళ్లో ఉంటే మాత్రం చిన్నదైనా బ్యాటరీ ఉన్న సిస్టమే తీసుకోండి.