నవమి గిరాకీ డబ్బు ఏడాదంతా నిలవాలంటే

ప్రశ్న: మాది భద్రాచలం. రామాలయం దగ్గర దేవస్థానం షాపు అద్దెకు తీసుకుని కొబ్బరికాయలు, పూజా సామాన్లు, సీతారాముల పటాలు అమ్ముతాం. శ్రీరామనవమి, వేసవి సెలవుల గిరాకీ అయ్యాక చేతిలో 4.6 లక్షలు ఉన్నాయి. ఇంటి ఖర్చు, షాపు అద్దె కలిపి నెలకు 28 వేలు. డైలీ ఫైనాన్స్‌కు 40 వేలు, మా ఆవిడ నగల మీద తెచ్చిన 90 వేలు కట్టాలి. నెలకు 15 వేల అద్దెకు వేలంలో ఇంకో షాపు పాడుకుందామని మా బావమరిది అంటున్నాడు. తెలిసినాయన ఊళ్లోనే 3 లక్షలకు ప్లాటు చూపిస్తున్నాడు. మేం గిరిజనేతరులం. పాపకు 8 ఏళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ప్లాటు సంగతి తేల్చేద్దాం. వద్దు. భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక చట్టాలున్న చోటు. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారదు, అమ్మే మనిషి గిరిజనేతరుడైనా సరే. నోటరీ కాగితం రాసిస్తామంటారు. ఆ కాగితం మీద బ్యాంకు అప్పు పుట్టదు, రేపు పేచీ వస్తే అది మిమ్మల్ని కాపాడదు. గిరిజనుల భూమి చేతులు మారకూడదనే ఆ చట్టం తెచ్చారు. దాన్ని దాటే దారి ఉందని ఎవరు చెప్పినా ఒక్క రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి.

రెండో షాపు విషయం కాస్త లెక్క వేసి చూడాలి. అద్దె ఏడాదికి 1.8 లక్షలు. గుళ్లో కల్యాణం జరిగినా, గోదావరి పొంగినా అద్దె అద్దే. మీ ఊళ్లో గట్టిగా అమ్ముడయ్యే రోజులు నవమి, వేసవి సెలవులు, కార్తీకం, ముక్కోటి, కొన్ని ఆదివారాలు. అన్నీ కలిపి 90 రోజులనుకుందాం. అంటే రద్దీ ఉన్న ప్రతి రోజూ అద్దెకే 2 వేలు తీయాలి. ఒక్కో పూజ బుట్ట మీద 20 రూపాయలు మిగిలితే, రోజుకు 100 బుట్టలు అదనంగా అమ్మాలి. పనివాడి జీతం ఇంకా కలపనే లేదు. మీరు ఇంకో షాపు తెరిచారని ఇంకో బస్సు భక్తులు దిగరు కదా, సగం బేరం మీ పాత షాపు నుంచే అక్కడికి పోతుంది. నవమి రోజు గల్లా చూసి వేలంలో చెయ్యెత్తడం గుడి ఊళ్లలో చాలామందిని అప్పుల్లోకి దింపింది. ఈ ఏడాదికి ఆగండి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది వేరే ఉంది. మీ ఇల్లు, షాపు, సరుకు, ఆదాయం అన్నీ ఒకే గుడి మీద, ఒకే ఏటి పక్కన ఉన్నాయి. 2020, 2021లో కరోనా వల్ల భక్తులు లేకుండానే కల్యాణం జరిగింది. 2022లో జనం మళ్లీ వచ్చారు, వ్యాపారులు ఊపిరి పీల్చుకున్నారు, అంతలోనే జూలైలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే. అందుకే మీ పొదుపు ఈ రెంటికీ దూరంగా ఉండాలి. రెండో షాపు, ఊళ్లో ప్లాటు అంటే మళ్లీ అదే గంపలో ఇంకో గుడ్డు పెట్టడమే.

ఇక చేతిలో ఉన్న డబ్బు. డైలీ ఫైనాన్స్ ఈ వారమే తీర్చేయండి. 10 వేలు అని చెప్పి 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటే వడ్డీ ఏడాదికి వంద శాతం దాటుతుంది. ఆ తర్వాత నగలు విడిపించండి. రెంటికీ 1.3 లక్షలు పోగా 3.3 లక్షలు ఉంటాయి. అందులో నాలుగు నెలల ఖర్చు, 1.12 లక్షలు, వేరే ఖాతాలో వేసి నెలనెలా 28 వేలే మీకు మీరు జీతంలా తీసుకోండి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా గిరాకీ పలచగా ఉన్నప్పుడు డైలీ ఫైనాన్స్ గుమ్మం తొక్కించేది ఈ డబ్బు లేకపోవడమే. కార్తీకం సరుకుకు 60 వేలు పక్కన పెట్టండి.

పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి 50 వేలు వేయండి. పదేళ్లు నిండకముందే తెరవాలి. మీలాంటి వాళ్లకు ఇందులో ఓ వెసులుబాటు ఉంది. నెలనెలా కట్టాల్సిన పని లేదు. ఏడాదికి 250 తగ్గకుండా, 1.5 లక్షలు మించకుండా ఎప్పుడు చేతిలో ఉంటే అప్పుడు వేయొచ్చు. నవమి తర్వాత ఒకసారి, ముక్కోటి తర్వాత ఒకసారి చాలు. 18 నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు.

మిగిలిన లక్షా 8 వేలల్లో ముందు బీమాలు కట్టి, మిగతాది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. షాపు సరుకుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ అడగండి, అందులో వరద నష్టం కూడా కలిసి ఉంటుంది. వానలు ముదరకముందే తీసుకోండి. హోల్‌సేల్ బిల్లులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి, అరల్లో సరుకు ఎంతుందో నెలకోసారి వీడియో తీయండి. తడిసిన పటాలకు క్లెయిమ్ అడిగేటప్పుడు మీ మాట కన్నా ఆ బిల్లులే పనికొస్తాయి. మీకేమైనా అయితే ఇంటికి ఆధారం ఉండాలి కాబట్టి బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్ష ప్రమాద బీమా వెంటనే చేయించుకోండి. ఒక్కోటి 2 లక్షలే, అది చాలదు. వీలు చూసుకుని టర్మ్ పాలసీ కూడా తీసుకోండి.

ఏజెన్సీలో చాలామంది గిరిజనేతరులకు తాకట్టు పెట్టడానికి భూమి కాగితాలు ఉండవు, దేవస్థానం షాపు మీది కాదు. అందుకే అందరూ డైలీ ఫైనాన్స్ దగ్గరికే పోతుంటారు. చిరు వ్యాపారులకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్ర రుణానికి తాకట్టు అక్కర్లేదు. క్యూఆర్ కోడ్ మీద వచ్చే డబ్బంతా ఒకే ఖాతాలో పడేలా ఇప్పటి నుంచే చూసుకోండి. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అదీ చేయించండి. ఆ ఖాతా స్టేట్‌మెంట్లు పట్టుకుని వచ్చే నవమి సరుకు కోసం సంక్రాంతి అయిన వెంటనే బ్యాంకుకు వెళ్లి దరఖాస్తు పెట్టండి. పండగ పది రోజుల్లోకి వచ్చాక వెళ్తే అప్పు మంజూరయ్యేసరికి కల్యాణం అయిపోతుంది.