ప్రశ్న - జవాబు: కేబుల్ బ్యారియర్‌కు బిగువెంత, వెనక చోటెంత?

ప్రశ్న: రహదారి మధ్య సన్నటి ఇనుప స్తంభాలు పాతి, వాటికి మూడు నాలుగు ఉక్కు తాళ్లు తగిలిస్తున్నారు. చేత్తో ఊపితే స్తంభం కదులుతుంది. ఇది బండినెలా ఆపుతుంది?

జవాబు: మీరు చూసినది కేబుల్ బ్యారియర్. దాని స్తంభం కదిలితే అది లోపం కాదు. స్తంభం పనల్లా తాళ్లను సరైన ఎత్తులో పట్టి ఉంచడమే. బండి తగలగానే అది వంగిపోయి తాడును వదిలేయాలి. బండిని ఆపేది తాడు. సాధారణంగా ఇది 19 మిల్లీమీటర్ల జింకు పూత ఉక్కు తాడు. ఏడేసి తీగల పేటలు మూడు కలిపి పేనుతారు. తెగాలంటే సుమారు 170 కిలోన్యూటన్లు, అంటే 17 టన్నుల బరువంత లాగుడు కావాలి. రెండు కొసలనూ నేలలో పాతిన కాంక్రీటు దిమ్మెలకు, అంటే యాంకర్లకు, బిగిస్తారు.

మెత్తగా ఆపడమే దీని గొప్ప. రోడ్డు బ్యారియర్లను గుద్ది పరీక్షించడానికి అమెరికాలో ఉన్న ‘మాష్’ నియమాల మూడో స్థాయి పరీక్షలో 2,270 కిలోల పికప్‌ను గంటకు 100 కి.మీ. వేగంతో, 25 డిగ్రీల కోణంలో బ్యారియర్‌కు కొట్టిస్తారు. ఆ వేగంలో బ్యారియర్‌కు అడ్డంగా పడే భాగం సెకనుకు 11.7 మీటర్లు, దాని శక్తి దాదాపు 156 కిలోజౌళ్లు. ఆ అడ్డపు వేగం 2.4 మీటర్ల దూరంలో తగ్గితే లోపలివాళ్ల మీద సగటున 3 ‘జీ’, అంటే వాళ్ల బరువుకు మూడింతల బలం, పడుతుంది. అదే 0.3 మీటర్లలో తగ్గితే 23 ‘జీ’. బండి రేకు నలిగినందువల్ల అసలు లెక్క కొంత మారుతుంది గాని, తేడా మాత్రం ఇదే.

లారీల సంగతి వేరు. నాలుగో స్థాయి పరీక్షలో నెగ్గిన రకాలు 10,000 కిలోల ట్రక్కును 90 కి.మీ. వేగంలో, 15 డిగ్రీల కోణంలో తట్టుకుంటాయి. నిండు లోడుతో వచ్చే పెద్ద ట్రైలర్‌కు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

ప్రశ్న: పాత రకం తీగల బ్యారియర్లకూ వీటికీ తేడా ఏమిటి?

జవాబు: పాతవాటిలో తాడు వేలాడకుండా ఉండేంత బిగువే ఇచ్చి, కొసల్లో స్ప్రింగులు పెట్టేవారు. ఒక్క కారు గుద్దితే ఆ మేరంతా నేలన పడేది. ఇప్పటి హై టెన్షన్, అంటే ఎక్కువ బిగువుతో కట్టే రకంలో కొన్ని స్తంభాలు పోయినా తాడు చాలావరకు ఎత్తులోనే నిలుస్తుంది. మరమ్మతు జరిగేలోపు ఇంకో బండి వచ్చినా కొంత రక్షణ మిగులుతుంది.

ప్రశ్న: బిగువు ఎంత ఉండాలి? మేం పోయినసారి సరిచేసిన తాళ్లు ఎండాకాలంలో మళ్లీ వదులయ్యాయి.

జవాబు: చాలా రకాల్లో 21 డిగ్రీల వద్ద ఒక్కో తాడుకు సుమారు 25 కిలోన్యూటన్లు ఉంచుతారు. మీ తయారీదారు ఇచ్చిన ఉష్ణోగ్రత-బిగువు పట్టికే మీకు ప్రమాణం. ఉక్కు 100 మీటర్ల పొడవుకు ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు 12 మిల్లీమీటర్లు సాగుతుంది. కొసలు బిగించి ఉన్నాయి కాబట్టి ఆ సాగుడంతా బిగువు తగ్గడంగా కనిపిస్తుంది. చలిలో ఇదే తిరగబడి బిగువు పెరుగుతుంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మిట్టమధ్యాహ్నం కొలిచి, తక్కువగా ఉందని 21 డిగ్రీల అంకె దాకా టర్న్‌బకిల్ (తిప్పి తాడును బిగించే, వదులు చేసే మర) తిప్పేస్తారు. చలిరాత్రి అదే తాడు యాంకర్‌ను లాగేస్తుంది. గాలి ఉష్ణోగ్రత కాదు, తాడు ఉష్ణోగ్రత చూడండి. ఎండలో అది గాలికంటే వేడిగా ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. ప్రతి తాడునూ టెన్షన్ మీటరుతో విడిగా కొలవాలి, పొడుగాటి వరసల్లో ఒకటికి మించి చోట్ల కొలవాలి. కొత్త తాడు ముందుగా సాగదీసి తెచ్చినదైనా బిగించాక ఇంకొంత సర్దుకుంటుంది. అందుకని కొన్ని వారాలకు మళ్లీ చూడాలి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా.

పట్టిక ప్రకారం చూసినా తక్కువే వస్తుంటే కారణం వెతకకుండా బిగించకండి. ఒక్క తాడే వదులైతే కొసన ఉన్న వెడ్జ్ ఫిట్టింగ్‌లోంచి (లోపల చీలను దిగ్గొట్టి తాడును పట్టి ఉంచే బిగింపు) జారి ఉండవచ్చు. మూడు పేటలూ వెడ్జ్ చుట్టూ సమంగా పరుచుకోకపోయినా, వెడ్జ్ లోపలికి పూర్తిగా దిగకపోయినా ఇలా జరుగుతుంది. బిగించిన రోజే తాడు ఫిట్టింగ్‌లోకి దిగే చోట రంగు పూసి ఉంచితే, తర్వాత రంగుకూ ఫిట్టింగ్‌కూ మధ్య ఎడం కనబడగానే తెలిసిపోతుంది. తాళ్లన్నీ ఒకేలా వదులైతే యాంకర్‌ను అనుమానించాలి. అది బ్యారియర్ వైపు కదిలితే వెనకవైపు మట్టికీ కాంక్రీటుకూ మధ్య సందు పడుతుంది. అప్పుడు టర్న్‌బకిల్ ఎన్నిసార్లు తిప్పినా వృథా, పునాది మార్చాల్సిందే.

ప్రశ్న: రెండు రోడ్ల మధ్య ‘వి’ ఆకారపు గుంట ఉంది. బ్యారియర్‌ను సరిగ్గా ఎక్కడ పెట్టాలి?

జవాబు: ముందు వాలు చూడండి. అడుగు దిగడానికి ఆరడుగులు పోయేంత వాలు, లేదా అంతకన్నా చదునుగా ఉంటే మంచిది. గుంట అడుగుభాగానికి రెండువైపులా 0.3 మీటరు నుంచి 2.4 మీటర్ల దాకా ఉండే పట్టీలో మాత్రం పెట్టవద్దు. గుంట దాటిన కారు అడుగున తగిలి సస్పెన్షన్ నొక్కుకుపోతుంది, ముక్కు కిందికి దిగుతుంది. ఆ స్థితిలో ఎదురు వాలు ఎక్కుతూ అట్టడుగు తాడు కిందినుంచే దూరిపోతుంది. రోడ్డు అంచుకు దగ్గరగా, చదునైన చోట పెడితే ఈ బాధ లేదు. అయితే అప్పుడు చిన్నచిన్న తాకిళ్లు పెరుగుతాయి, మరమ్మతులూ పెరుగుతాయి. ఆ ఖర్చు మేలే.

వంపు రోడ్డులో ఇంకో చిక్కుంది. వంపు బయటివైపు నుంచి బండి తగిలితే, స్తంభాలు పడిపోగానే తాడు దారి పొట్టిదై వదులవుతుంది. అందుకే అక్కడ స్తంభాలను దగ్గర దగ్గరగా పాతుతారు. రోడ్డు కిందికి దిగి మళ్లీ పైకెక్కే పల్లాల్లో తాడు స్తంభాన్ని పైకి పీకాలని చూస్తుంది, అప్పుడు స్తంభం సాకెట్‌లోంచి, అంటే అది దిగి ఉండే పునాది గొట్టంలోంచి, ఊడి వచ్చేస్తుంది కూడా.

ప్రశ్న: వంతెన స్తంభానికి ముందు 1.2 మీటర్ల చోటుంది. కేబుల్ బ్యారియర్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇది గుద్దుకున్నప్పుడు మామూలుగా 2 నుంచి 3 మీటర్లు వెనక్కి జరుగుతుంది. స్తంభాల మధ్య దూరం, యాంకర్ల మధ్య పొడవు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అక్కడ కాంక్రీటు గోడ గాని, గట్టిపరిచిన లోహపు గార్డ్‌రెయిల్ గాని పెట్టండి.

ప్రశ్న: ద్విచక్ర వాహనదారులను ఈ తాళ్లు కోసేస్తాయంటారు. నిజమేనా?

జవాబు: భయం సహజమే గాని, అసలు ప్రమాదం ఎక్కువగా స్తంభాలది. పడిపోయి జారుతూ వచ్చే మనిషి స్తంభానికి గుద్దుకుంటాడు. లోహపు గార్డ్‌రెయిల్‌కూ ఇదే సమస్య. స్వీడన్‌లో 1998 నుంచి ఒకవైపు రెండు, మరోవైపు ఒక వరస ఉండే రోడ్ల మధ్య ఈ బ్యారియర్లు పెడుతున్నారు. ఎదురెదురు ఢీలను ఆపడంలో అవి బాగా పనిచేశాయి. అయినా ద్విచక్ర వాహనాలు ఎక్కువగా పడిపోయే మలుపు అయితే, అక్కడ వేరే బ్యారియర్ ఎంచుకోవడమే మా సలహా.

ప్రశ్న: కారు గుద్దిన తర్వాత స్తంభాలు మార్చే పద్ధతి చెప్పండి.

జవాబు: ముందు తాడు చూడండి. తీగలు తెగినా, పేట నలిగినా ఆ ముక్క మార్చాలి. తర్వాత వంగిన స్తంభాన్ని సాకెట్‌లోంచి పైకి లాగండి. సాకెట్‌లో చేరిన మట్టీ రాళ్లూ పూర్తిగా తీయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, అడుగున నాలుగు వేళ్ల మట్టి మిగిలితే స్తంభం అంత పైన నిలుస్తుంది, తాళ్లూ అంత పైకి పోతాయి, చిన్న కారు కిందినుంచి దూరుతుంది. చుట్టూ కాంక్రీటు పగిలి ఉంటే కొత్తగా పోయాలి. పునాది చిన్నదైనా, లోపల ఇనుప చువ్వల కట్టు లేకపోయినా స్తంభం వంగే బదులు పునాదే పెళ్లగించుకు వస్తుంది. తడికి ఉబ్బే బంకమట్టిలో ఇంకా లోతుగా వేయాలి. కొత్త స్తంభం దించి, తాళ్లను కింది నుంచి వరసగా గాడుల్లో పెట్టి, మూత బిగించి, ఎత్తులు కొలిచి, చివర బిగువు చూడండి.

ప్రశ్న: బండి తాళ్లలో చిక్కుకుంటే వాటిని కోయవచ్చా?

జవాబు: అది ఆఖరి మార్గం. టన్నుల బిగువున్న తాడు తెగితే కొసలు విసురుగా వెనక్కి కొడతాయి. ముందు దగ్గరలోని టర్న్‌బకిల్ వదులు చేయండి. అది దూరంగా ఉంటే చుట్టుపక్కల కొన్ని స్తంభాల నుంచి తాళ్లను విడిపించండి, బిగువు కొంత తగ్గుతుంది. అప్పటికీ తప్పకపోతే ఒక్కో తాడునే కోయాలి. తాడు వరసలో గాని, దాని వంపు లోపల గాని ఎవరూ నిలబడకూడదు. కోశాక ఆ సంగతి రోడ్డు నిర్వహణవాళ్లకు వెంటనే చెప్పాలి, ఎందుకంటే ఆ తాడు రెండు యాంకర్ల మధ్య మొత్తం పొడవునా పనికిరాదు.